బ్లేడ్ రన్నర్: ఏ డిస్కు పెడితే ఆ సినిమా

రిడ్లీ స్కాట్ తీసిన ‘బ్లేడ్ రన్నర్’ 1982 జూన్ 25న అమెరికాలో విడుదలై, థియేటర్లలో పెద్దగా ఆడలేదు. 2019 నాటి లాస్ ఏంజిలిస్, ఎడతెగని వాన, మనుషుల్లో కలిసిపోయిన ‘రెప్లికెంట్’లనే కృత్రిమ మానవుల్ని వేటాడే డెకార్డ్. ఆ వేషం హారిసన్ ఫోర్డ్‌ది. జనం ఈ సినిమాను మెల్లగా ఇంట్లో, క్యాసెట్ల మీదా డిస్కుల మీదా చూసి నెత్తిన పెట్టుకున్నారు. తమాషా ఏమిటంటే, అందరూ చూసింది ఒకే సినిమా కాదు.

* * *

మొదట థియేటర్లకు వచ్చిన ప్రతిలో ఫోర్డ్ గొంతు కథ చెబుతూ ఉంటుంది. చివర్లో హీరో హీరోయిన్లు ఊరు దాటి పచ్చని కొండల్లోకి కారులో వెళ్లిపోతారు. ఆ కొండల దృశ్యాలు ఈ సినిమా కోసం తీసినవి కావు! స్టాన్లీ కుబ్రిక్ ‘ది షైనింగ్’ కోసం హెలికాప్టర్ నుంచి తీయించి, వాడకుండా మిగిల్చిన ఫిల్మ్ అది.

* * *

1987లో క్రైటీరియన్ సంస్థ దీన్ని లేజర్‌డిస్కుగా తెచ్చింది. ఎల్పీ రికార్డంత, అంటే 30 సెంటీమీటర్ల డిస్కు. సీఏవీ పద్ధతిలో ఒక్కో వైపు పట్టేది అరగంట బొమ్మే. 117 నిమిషాల సినిమా పూర్తవ్వాలంటే నాలుగు వైపులు కావాలి. పీటముడి పడ్డ ఘట్టంలో లేచి డిస్కు తిప్పుకోవాలన్నమాట. అంత బాధ ఎందుకు పడ్డారంటే, ఈ పద్ధతిలో డిస్కు ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రేము. ఎక్కడ ఆపినా బొమ్మ వణక్కుండా నిలబడుతుంది. వీధి బోర్డులు, గొడుగుల కర్రలు, గోడల మీది రాతలు కూడా తీరిగ్గా చూసుకోవచ్చు. ఇంత వివరంగా సెట్లు వేసిన సినిమాకి అంతకన్నా తగిన డిస్కు ఆ రోజుల్లో లేదని నా అభిప్రాయం. పైగా అందులో ఉన్నది విదేశాల్లో ఆడిన ప్రతి. అమెరికా థియేటర్లలో కత్తిరించిన కొన్ని సెకన్ల హింస అందులో ఉంది.

* * *

విడుదలకు ముందు డెన్వర్, డాలస్ నగరాల్లో ప్రయోగాత్మకంగా వేసిన ప్రతి ఒకటుంది. దాన్ని వర్క్‌ప్రింట్ అంటారు. ఆ ఆటలకు జనం తికమకపడ్డారనే వ్యాఖ్యానమూ సుఖాంతమూ అతికించారు. అదే వర్క్‌ప్రింట్‌ను 1990లో లాస్ ఏంజిలిస్‌లో వేస్తే జనం ఎగబడ్డారు. దాంతో 1992లో ‘డైరెక్టర్స్ కట్’ వచ్చింది. వ్యాఖ్యానం పోయింది, కొండలు పోయాయి, డెకార్డ్ పగటికలలోకి ఒంటికొమ్ము గుర్రం వచ్చి చేరింది. ఆ కొద్ది సెకన్లతో కథే తిరగబడింది. చివర్లో సహోద్యోగి వదిలివెళ్లిన కాగితపు గుర్రం చూస్తే, వేటగాడి కలలు కూడా ఎవరో పెట్టినవేనా, అతనూ రెప్లికెంటేనా అనే అనుమానం మొదలవుతుంది. ఆ గుర్రం స్కాట్ తర్వాతి చిత్రం ‘లెజెండ్’ నుంచి తెచ్చిందని చాలామంది చెబుతారు. కాదు, ‘బ్లేడ్ రన్నర్’ కోసం తీసిందే.

* * *

అమెరికా మార్కెట్లో డీవీడీలు మొదలైన 1997లోనే ఈ డైరెక్టర్స్ కట్ వచ్చేసింది. ఒక వైపు వెడల్పాటి బొమ్మ, రెండో వైపు పాత టీవీలకు సరిపడేలా అంచులు కోసిన బొమ్మ. అదనపు విశేషాలంటూ దాదాపు ఏమీ లేవు.

* * *

పాల్ పద్ధతి ఉన్న దేశాల్లో (మనదీ అందులోదే) డీవీడీ మీద సినిమా తొందరగా అయిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములుగా తీసిన దాన్ని 25గా ఆడించడమే కారణం. 117 నిమిషాలు సుమారు 112కి దిగుతాయి. నిడివి చూసి సీన్లు కోసేశారని కంగారు పడక్కర్లేదు. అమెరికా నుంచి తెచ్చుకున్న డీవీడీ మన ప్లేయర్లలో మొరాయించడం ఇంకో సంగతి. డీవీడీల ప్రాంతపు కోడ్ వాళ్లది రీజియన్ 1, మనది 5.

* * *

హక్కుల తగాదాలతో ఏళ్ల తరబడి ఆగిన ‘ఫైనల్ కట్’ చివరికి 2007లో బయటపడింది. దీని మరమ్మతుల చిట్టా నాకు సినిమా అంత ఇష్టం. గాజు అద్దాలు బద్దలు కొట్టుకుంటూ పరిగెత్తే రెప్లికెంట్ జోరా పాత డిస్కుల్లో డూపేనని తెలిసిపోయేది. పాతికేళ్ల తర్వాత నటి జోనా కాసిడీ మళ్లీ వచ్చి కెమెరా ముందు నిలబడితే, ఆమె ముఖాన్ని డూప్ ఒంటికి అతికించారు. పాముల వ్యాపారితో డెకార్డ్ మాటలకు పెదాలు కలవని చోట ఫోర్డ్ కొడుకు బెన్ పెదాలు వాడారు. రాత్రి వానలో వదిలిన పావురం పట్టపగటి నీలాకాశంలోకి ఎగిరే వింతనూ సరిచేశారు. పారిపోయిన రెప్లికెంట్లు ఆరుగురు, చచ్చింది ఒకరు, మరి కనిపించేది నలుగురేనేం? ఆ లెక్క కూడా కుదిరింది: ఇప్పుడు చచ్చింది ఇద్దరు. రంగుల్లో కాస్త నీలిపచ్చ ఎక్కువైందని గొణిగేవాళ్లున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణే.

* * *

ఆ ఏడాది డిసెంబర్ 18న అయిదు ప్రతులూ కలిపి బ్రీఫ్‌కేసు ఆకారపు పెట్టెలో అమ్మారు. లోపల ఎగిరే కారు బొమ్మ, బుల్లి ఒంటికొమ్ము గుర్రం, మూడున్నర గంటల డాక్యుమెంటరీ. డీవీడీ, బ్లూరేలతోపాటు బ్లూరేకు పోటీ అయిన హెచ్‌డీ డీవీడీలో కూడా! 17 రోజులు గడిచాయో లేదో, ఈ రెండింటిలో ఇక తాము బ్లూరే ఒక్కదానికే పరిమితమవుతామని ఈ పెట్టె అమ్మిన వార్నర్ సంస్థ ప్రకటించింది. ఫిబ్రవరిలో తోషిబా హెచ్‌డీ డీవీడీకి మంగళం పాడింది. ఆ రకం పెట్టె కొన్నవాళ్ల అదృష్టం అలా తగలబడింది.

* * *

2017 సెప్టెంబర్‌లో 4కే డిస్కు వచ్చింది. మామూలు దృశ్యాల నెగెటివ్‌ను 4కేలోనూ, 65 ఎంఎం ఫిల్మ్ మీద తీసిన ట్రిక్కు దృశ్యాలను 8కేలోనూ ఫైనల్ కట్ కోసం ముందే స్కాన్ చేసి ఉంచడం ఇక్కడ కలిసొచ్చింది. నగరం మీద మంటలు చిమ్మే మొదటి షాట్ ఒక్కటి చాలు, డబ్బులు గిట్టుబాటవుతాయి. కాకపోతే అందులో 4కేగా ఉన్నది ఫైనల్ కట్ ఒక్కటే. ఫోర్డ్ గొంతు వినాలన్నా, కుబ్రిక్ కొండలు చూడాలన్నా మామూలు బ్లూరే పెట్టుకోవాల్సిందే.