‘మేము’, ‘మనం’ మధ్య గీత: కోల్‌కతా తెలుగు ఇళ్ళలో భాష, జ్ఞాపకం

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివారిని కలుపుకొంటే మనం, విడిచిపెడితే మేము. బంగ్లాలో ఈ రెంటికీ ‘ఆమ్రా’ అనే ఒక్క మాటే ఉంది. కోల్‌కతాలో పుట్టి పెరిగిన తెలుగు ఇంటి పిల్లవాడు తల్లితో "మేము సినిమాకు వెళ్దామా?" అని అడిగితే, ఆమెను ఇంట్లో వదిలి వెళ్ళాలని అతని ఉద్దేశం కాదు. బడిలో, వీధిలో రోజంతా వినే భాషలో లేని తేడా, ఇంటి భాషలోనూ మెల్లగా చెరిగిపోతున్నదన్నమాట.

బెంగాల్‌లో తెలుగువారి ఉనికి నిన్న మొన్నటిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కర్మాగారం నెలకొల్పిన కాలంలో, అంటే 20వ శతాబ్ది తొలి సంవత్సరాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి అనేక కుటుంబాలు అక్కడికి చేరాయి. హుగ్లీ నది ఒడ్డున టిటాగఢ్ వంటి చోట్ల జూట్ మిల్లులకు గంజాం, విశాఖపట్నం జిల్లాల కూలీలు వలస వెళ్ళారు. ఆ కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం పెరుగుతున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బంగ్లా లేదా హిందీ, బడిలో ఇంగ్లీషు. ఒక పిల్లవాడి బుర్రలో ఇన్ని భాషలు చేరినప్పుడు అతని చదువుకు, జ్ఞాపకానికి, తానెవరన్న భావనకు ఏమవుతుందన్నది శాస్త్రవేత్తలు చాలాకాలంగా అడుగుతున్న ప్రశ్న.

ఈ మార్పు శబ్దాలతో మొదలవుతుంది. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనకు హిందీలోని ‘త’, ‘ట’ శబ్దాలనే ఎంచుకున్నారు. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లల్లో ఎక్కువ మంది 6 నుంచి 8 నెలల వయసులో ఆ రెంటి తేడాను గుర్తించారు. 10 నుంచి 12 నెలలకు వచ్చేసరికి అది గుర్తించగలిగినవారు బహు కొద్దిమంది. వినవలసిన అవసరం లేని తేడాను మెదడు పక్కన పెట్టేస్తుంది. మాట రాకముందే భాష చెవిని మలచడం మొదలుపెడుతుందని ఈ ఫలితం చూపింది.

‘త’, ‘ట’ల తేడా బంగ్లాలోనూ ఉంది కనుక కోల్‌కతా తెలుగు బిడ్డకు ఆ ఇబ్బంది లేదు. చిక్కల్లా ‘ళ’, ‘ణ’, ‘వ’లతోనే. నేటి బంగ్లా ఉచ్చారణలో ళకారం లేదు, ణకారం నకారంగానే పలుకుతుంది, వకారం బకారంలో కలిసిపోయింది. ‘లక్ష్మి’ అన్న పేరు అక్కడ ‘లొక్ఖి’ అవుతుంది. ఇంట్లో ళకారం చెవిన పడకపోతే ‘కళ్ళు’కూ ‘కల్లు’కూ భేదం ఉండదు. తెలుగునాటనే కొన్ని మాండలికాల్లో ఈ భేదం పలచబడిందన్నది నిజమే కనుక, ఆ పిల్లలను చూసి నవ్వే హక్కు ఎవరికీ పెద్దగా లేదు.

శబ్దాల తరువాత అంకెల సంగతి. తెలుగులో ఇరవై దాటాక లెక్క తేటగా సాగుతుంది. ఇరవై తెలిసి, ఒకటి తెలిస్తే ఇరవై ఒకటి తెలిసినట్లే. బంగ్లాలో, హిందీలో నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్యకూ ప్రత్యేక రూపం ఉంది. బంగ్లాలో 29ని ‘ఊనొత్రిశ్’ అంటారు. ముప్ఫైకి ఒకటి తక్కువ అని దాని అర్థం. బడిలో ‘నామ్‌తా’ వల్లించిన పిల్లవాడికి ఇంట్లో తాత ఎక్కాలు అప్పజెప్పమంటే నోరు పెగలదు. ఇది తెలివికి సంబంధించిన లోపం కాదు. ఎలిజబెత్ స్పెల్కీ, సన్నా సివ్‌కిన్ 2001లో ప్రచురించిన అధ్యయనంలో రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారికి కొత్త లెక్కలు ఒక భాషలో నేర్పి, రెండు భాషల్లోనూ అడిగారు. కచ్చితమైన జవాబు కావలసిన లెక్కలను వారు నేర్చిన భాషలోనే వేగంగా చెప్పగలిగారు. ఉజ్జాయింపు లెక్కలకు మాత్రం భాష అడ్డు రాలేదు. ఎక్కం ఏ భాషలో కంఠస్థమైతే ఆ భాషలోనే నిలువ ఉంటుందని దీని తాత్పర్యం. ఉద్యోగాలన్నీ ఇంగ్లీషులో చేసినవారు కూడా కూరగాయల లెక్క చిన్ననాటి భాషలో గొణుక్కోవడం వెనుక ఉన్నది ఇదే.

బంధుత్వాల దగ్గర వ్యవహారం మరింత చిక్కనవుతుంది. మేనత్త, మేనమామ భార్య, భర్త తల్లి, ముగ్గురూ తెలుగులో అత్తలే. బంగ్లాలో వరుసగా పిషి, మామి, శాశుడి. ఇక మేనమామ కొడుకు తెలుగు ఆడపిల్లకు బావ. అదే వ్యక్తి బంగ్లా వరుసలో ‘మామాతో దాదా’, అంటే ఒక రకంగా అన్నయ్య. వేసవి సెలవుల్లో శ్రీకాకుళం వచ్చిన పిల్ల బావను పట్టుకుని ‘దాదా’ అంటే పెళ్ళి పందిట్లో నవ్వులు పూస్తాయి. అయితే ఆ పిల్ల తప్పు మాట మాట్లాడలేదు. పెరిగిన ఊరు నేర్పిన వరుసను పుట్టింటి మనిషికి అన్వయించింది. ఎవరితో చనువుగా ఉండాలి, ఎవరిని ఆటపట్టించవచ్చు అన్న ఎరుక ఈ పిలుపులతోనే అబ్బుతుంది కనుక, పిలుపు మారితే మనుషుల మధ్య దూరాలూ కొంత మారతాయి.

జ్ఞాపకాలకు సైతం భాష ఉంటుందన్నది మరో ఆసక్తికరమైన విషయం. వియోరికా మేరియన్, ఉల్రిక్ నైసర్ 2000లో ప్రచురించిన పరిశోధనలో, రష్యన్ మాట్లాడే కుటుంబాల నుంచి అమెరికాకు వలస వచ్చిన విద్యార్థులను ఇంటర్వ్యూ చేశారు. రష్యన్‌లో ప్రశ్నించినప్పుడు రష్యన్ మాట్లాడిన రోజుల సంగతులు, ఇంగ్లీషులో ప్రశ్నించినప్పుడు ఇంగ్లీషు మాట్లాడిన రోజుల సంగతులు ఎక్కువగా గుర్తుకు వచ్చాయి. తల్లి తెలుగులో అడిగితే వచ్చే కబురు, టీచరు ఇంగ్లీషులో అడిగితే రాకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కానక్కరలేదు.

ఇన్ని భాషలు పిల్లలకు భారమన్న భయం తల్లిదండ్రుల్లో ఉంది. బడిలో వెనుకబడతారని కొందరు ఇంట్లో తెలుగును పూర్తిగా మానేస్తున్నారు. ఈ భయానికి హైదరాబాద్‌లో జరిగిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. వారిలో 391 మంది రెండు లేదా అంతకుమించిన భాషలు వచ్చినవారు. ఒకే భాష వచ్చినవారితో పోలిస్తే వీరిలో వ్యాధి సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించడం గమనార్హం. ఇతర దేశాల్లో జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఇటువంటి తేడా కనిపించలేదు కనుక చర్చ ముగియలేదు. అయినా ఇంటి భాష మాట్లాడితే బిడ్డ మెదడు చెడిపోతుందన్న వాదనకు మాత్రం ఆధారం లేదు.

చట్టం వైపు నుంచి అండ లేకపోలేదు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతుంది. 1956లో ఏడో సవరణ ద్వారా అది చేరింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ ప్రాంతపు తెలుగువారు ఆ నిర్ణయాన్ని పండుగలా భావించారు. అయితే అమ్మమ్మతో మాట్లాడే తెలుగు హోదాతో రాదు. అది వంటింట్లో, వాకిట్లో వినిపించాలి.

ఆ అమ్మమ్మ సంగతే అన్నింటికన్నా తొందరపెట్టేది. డిమెన్షియా ముదిరిన బహుభాషీయుల్లో కొందరు తరువాత నేర్చిన భాషకు దూరమై తొలి భాషకే మరలుతారని వైద్యులు గమనించారు. నలభై ఏళ్ళు బంగ్లాలో బేరమాడిన వృద్ధురాలు ఒకనాడు తెలుగులోనే నీళ్ళు అడగవచ్చు. పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. వస్తువు పేరు చెప్పమన్నా, విన్న కథ తిరిగి చెప్పమన్నా, రాని భాషలో అడిగితే ఆరోగ్యవంతులు కూడా తడబడతారు. అందుకే భారత వైద్య పరిశోధన మండలి జ్ఞాపకశక్తి, భాష తదితర సామర్థ్యాలను కొలిచే పరీక్షల సంపుటిని హిందీ, బంగ్లా, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో రూపొందింపజేసింది. కోల్‌కతా ఆసుపత్రికి పెద్దవారిని తీసుకువెళ్ళే కుటుంబాలు డాక్టరుకు మొదట చెప్పవలసినది ఆమె వయసు, మందుల జాబితాతో పాటు, ఆమె చిన్నప్పుడు ఏ భాష మాట్లాడేదన్న విషయం కూడా.