కలవడం ఒకటి, కలిసి నడవడం ఒకటి

కొత్త పార్టీలోకి రకరకాల అభిప్రాయాలవారు వచ్చి చేరుతారు. చేరడం తేలికే, నిలవడమే కష్టం. జనతా పార్టీ కథే ఇందుకు సాక్ష్యం.

1977 జనవరిలో లోక్‌సభ ఎన్నికలు ప్రకటించేనాటికి ప్రతిపక్ష నాయకులు చాలామంది అప్పుడప్పుడే జైళ్ళనుంచి బయటికి వస్తున్నారు. పోలింగేమో మార్చిలో. జయప్రకాశ్ నారాయణ్ ప్రోద్బలంతో సంస్థా కాంగ్రెస్, భారతీయ లోక్‌దళ్, జనసంఘ్, సోషలిస్టులు ఒక్కటయ్యారు. సొంత గుర్తయినా లేక, చాలాచోట్ల లోక్‌దళ్ వారి నాగలి రైతు గుర్తుపైనే నిలబడి గెలిచారు. మొరార్జీ దేశాయ్ ప్రధాని అయ్యారు. నంద్యాలలో ఆ పార్టీ తరఫున నెగ్గిన నీలం సంజీవరెడ్డిగారు ఆ ఏడాదే రాష్ట్రపతి అయ్యారు.

అత్యవసర పరిస్థితి నాటి చట్టాలను సరిదిద్దడంలో అందరిదీ ఒకే మాట. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఆ ఐకమత్యపు ఫలమే. మరి చిక్కెక్కడ? నాయకత్వం ఎవరిది? జనసంఘ్ నుంచి వచ్చినవారు రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్‌లోనూ కొనసాగవచ్చునా? తొందరలో ఇవి తేల్చుకోలేదు. అధికారం వచ్చాక అవే పెద్ద తగాదాలయ్యాయి. 1979 జూలైలో పార్టీ చీలింది, మొరార్జీ రాజీనామా చేశారు. దాన్ని అందుకున్నది సంజీవరెడ్డిగారే!

ఎవరు వద్దో చెప్పడం ఎన్నికలకు సరిపోతుంది, ఇల్లు నడపడానికి చాలదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, రాయగడలోనో మీరు చిన్న తెలుగు సంఘం పెట్టుకున్నా ఇదే లెక్క. మాట తేడా వస్తే ఎలా తేల్చుకోవాలో మొదటి సమావేశంలోనే రాసుకోండి. అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే ఆ పని సులువు.