వైజాగ్ ప్లాన్‌లో అమ్మ వేసిన ఒక్క ప్రశ్న

రెండు రోజులు, పద్నాలుగు ప్రదేశాలు. వైజాగ్ ట్రిప్‌కి నేను చేసిన మొదటి ఎక్సెల్ షీట్ అది. ప్రతి గంటకీ ఒక రంగు. అమ్మ ఫోన్‌లో దాన్ని పెద్దది చేసుకుని మొత్తం చదివింది. ‘గిన్ని జాగలు తిరుగుతం సరే, సముద్రం కాడ కూసునుడు ఎప్పుడురా?’ అంది.

చూస్తే బీచ్‌కి ఇచ్చింది నలభై నిమిషాలు. మాది కరీంనగర్. అమ్మకి యాభై నాలుగేళ్లు, ఇంతవరకు సముద్రం చూడలేదు.

పోయినేడు హంపి కూడా నా షీట్ ప్రకారమే తిరిగాం. అమ్మకి మోకాళ్ల నొప్పి. ‘మీరు చూసి రాండ్రి’ అంటూ సగం చోట్ల క్యాబ్‌లోనే కూర్చుంది. ఇంటికొచ్చాక ఫొటోలు చూస్తే, రెండొందల పైచిలుకులో అమ్మ ఉన్నవి నాలుగు. అందుకే ఈసారి షీట్ తుడిచేసి, అమ్మ ఎంత నడవగలదో అక్కడి నుంచి మొదలుపెట్టా.

ముందు పోయింది అరకు. వైజాగ్ నుంచి నూటపదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. కిరండూల్ రైలు పొద్దున ఏడులోపే బయల్దేరుతుంది. మనం ఎక్కే గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేదే ఆరు ప్రాంతంలో. కాస్త లేటైతే అంతే సంగతులు. పైగా బొర్రా గుహల్లో వందల మెట్లు. అద్దాల కోచ్‌లో సొరంగాలు చూడాలని చెల్లి ఏడాదిగా అంటోంది, రెండ్రోజులు అలిగింది కూడా. అరకుకి విడిగా మూడు రోజులు పెట్టుకుని వెళ్లడమే న్యాయం.

కురుసుర జలాంతర్గామి మాత్రం ఉంచా. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. లోపల ఇరుకు. గుండ్రటి ద్వారాల్లోంచి కాలెత్తి దాటాలి. కాబట్టి బాపు, చెల్లి లోపలికి వెళ్తారు. నేనూ అమ్మా పక్కనే ఇసుకలో కూర్చుంటాం. సోమవారం మ్యూజియానికి సెలవు, మీరు వెళ్తే చూసుకోండి.

కైలాసగిరి పైదాకా బండి వెళ్తుంది, రోప్‌వే కూడా ఉంది. సింహాచలం ఆదివారం తెల్లవారుజామునే. అప్పన్న ఏడాదంతా చందనంలోనే ఉంటాడనీ, అక్షయ తృతీయ రోజు మాత్రమే నిజరూపమనీ నాకు చెప్పింది బాపే. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఓపికుంటే వెళ్తాం, లేకపోతే లేదు.

టికెట్ల దగ్గర ఒక సంగతి తెలుసుకున్నా. నలుగురికీ కలిపి బుక్ చేస్తే లోయర్ బెర్త్ కోటా వర్తించదు. అరవై దాటిన మగవాళ్లకి, నలభై ఐదు దాటిన ఆడవాళ్లకి, ఒక టికెట్‌పై ఒక్కరో ఇద్దరో ఉంటేనే ఆ కోటా. బాపుకి అరవై ఒకటి. అందుకే వాళ్లిద్దరిదీ వేరే టికెట్. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తారు, అలారం పెట్టుకుని మరీ కూర్చున్నా. బీచ్ రోడ్ హోటళ్లకి ఫోన్ చేసి వ్యూ గురించి కాకుండా లిఫ్ట్ ఉందా, వెస్ట్రన్ టాయ్‌లెట్ ఉందా అని అడిగా. ఒకచోట ‘లిఫ్ట్ ఉంది సార్, కానీ దాని దగ్గరికి ఎనిమిది మెట్లెక్కాలి’ అన్నారు. నిజం చెప్పినందుకు థాంక్స్ చెప్పి పెట్టేశా.

శనివారం సాయంత్రం నాలుగు నుంచి షీట్‌లో ఒక్కటే గడి: ఆర్‌కే బీచ్. అక్కడ సూర్యుడు ఊరివైపు దిగుతాడు కాబట్టి కళ్లలో ఎండ పడదు. లోపలికి లాగే అలలు కాబట్టి పాదాలు తడుపుకోవడం వరకే, స్నానాలు లేవు. ముగిసే టైమ్ గడిలో చెల్లి వచ్చి ‘అమ్మ లేద్దాం అనేదాకా’ అని టైప్ చేసింది.

వచ్చే శుక్రవారమే ప్రయాణం. అమ్మ అప్పుడే చాప సర్దేసింది. నిన్న రాత్రి ఫోన్ చేసి, ‘నీళ్లు సల్లగుంటయా బిడ్డా?’ అని అడిగింది.