ఫిజీకి టీవీ వచ్చిన తరువాత

మనిషి తన శరీరం గురించి మనసులో ఏర్పరచుకొన్న రూపాన్ని మనస్తత్వ శాస్త్రంలో దేహభావన అంటారు. వియన్నాలో చదివి న్యూయార్క్‌లో స్థిరపడిన వైద్యుడు పాల్ షిల్డర్ 1935లో ప్రచురించిన గ్రంథంతో ఈ భావనపై శాస్త్రజ్ఞుల దృష్టి నిలిచింది. కంటికి కనిపించే ఆకారంతో పాటు, దాని పట్ల ఉండే ఇష్టానిష్టాలు, ఇతరులు దాన్ని ఎలా చూస్తున్నారోనన్న ఊహ కూడా ఇందులో కలగలిసి ఉంటాయి కాబట్టి, దేహభావనకూ తూనిక చూపే అంకెకూ పొంతన కుదరకపోవడం సహజమే. ఎముకలు బయటపడేంతగా చిక్కిపోయిన యువతి తాను లావుగా ఉన్నానని చెప్పినప్పుడు ఇంట్లోవారికి అది మొండితనంగానో నటనగానో తోచవచ్చు గాని, ఆమెకు మాత్రం అది కళ్ళారా చూస్తున్న నిజం.

ఈ భావనను సమాజం ఎంతవరకు మలచగలదన్న ప్రశ్నకు ఫిజీ దీవుల్లో జరిగిన ఒక పరిశీలన కొంత జవాబు చెప్పింది. అక్కడి మూలవాసుల సంస్కృతిలో నిండైన ఒళ్ళు అందానికే కాక ఆదరణకూ గుర్తు. మనిషి చిక్కిపోతే అయినవాళ్ళు సరిగా చూసుకోవడం లేదని నలుగురూ అనుకొనేవారు. ఊరి నుంచి వచ్చిన బిడ్డను ‘చిక్కిపోయావేమిటి’ అని పలకరించే తెలుగు పెద్దలకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. (1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు వెళ్ళిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు, అయితే ఈ పరిశీలన సాగింది మూలవాసుల బాలికల మధ్యనే.) నద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ ప్రసారాలు వచ్చాయి. మానసిక వైద్యంతో పాటు మానవశాస్త్రం కూడా అభ్యసించిన హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్, ప్రసారాలు మొదలైన కొద్ది వారాలకు ఒకసారి, మళ్ళీ 1998లో ఒకసారి, అక్కడి ఉన్నత పాఠశాలల బాలికలకు తిండి అలవాట్లపై ఇరవై ఆరు ప్రశ్నల పత్రం ఇచ్చి జవాబులు సేకరించారు. తిండి విషయంలో ఆందోళన కలిగించే స్థాయిలో మార్కులు వచ్చినవారు మొదటిసారి 12.7 శాతం కాగా, మూడేళ్ళ తరువాత 29.2 శాతానికి చేరారు. బరువు తగ్గడం కోసం వాంతి చేసుకొంటున్నామని 1995లో ఒక్కరూ చెప్పలేదు; 1998లో 11.3 శాతం చెప్పారు.

ఈ అంకెలకంటే ఆ బాలికలు ముఖాముఖిలో చెప్పిన మాటలు మరింత ఆలోచింపజేస్తాయి. తెరమీద కనిపించే అమెరికన్ స్త్రీల సన్నదనం వారికి అందంగా తోచడమే కాదు, ఉద్యోగానికీ నగర జీవితానికీ అదొక అర్హతగా కూడా కనిపించింది. పల్లె దాటి బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టాలన్న ఆశ, ఒళ్ళు తగ్గించుకోవాలన్న కోరికగా మారింది. కాబట్టి దీన్ని సోకుల పిచ్చిగా కొట్టిపారేయడం అన్యాయం. అలాగని టీవీయే జబ్బు తెచ్చిందని తీర్పు చెప్పడమూ తొందరపాటే. రెండుసార్లు పరిశీలించిన బాలికలు వేరువేరు, ప్రతిసారీ వారి సంఖ్య అరవై పైచిలుకే, పైగా ప్రశ్నపత్రంలో వచ్చే మార్కులు వైద్యుడు చేసే రోగనిర్ధారణతో సమానం కావు.

తిండి మానేసి శరీరాన్ని శుష్కింపజేసే అనొరెక్సియా నెర్వోసా అనే వ్యాధిని లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసెగ్ 1873లోనే వర్ణించారు. అప్పటికి సినిమా కూడా పుట్టలేదు. వంశపారంపర్యానికి ఇందులో గణనీయమైన పాత్ర ఉందని కవలలపై జరిగిన అధ్యయనాలు చూపాయి. 2019లో వెలువడిన ఒక పెద్ద జన్యు అధ్యయనం ఈ వ్యాధికి మానసిక మూలాలతో పాటు, శరీరం ఆహారాన్ని శక్తిగా మార్చుకొనే జీవక్రియకు సంబంధించిన మూలాలూ ఉన్నట్టు సూచించింది. అందుకే ఒకే తెర చూసి, ఒకే రకమైన డైటింగ్ మొదలుపెట్టిన పదిమంది స్నేహితురాళ్ళలో తొమ్మిదిమంది కొన్నాళ్ళకు మానేసినా, ఒక్కతె మాత్రం మానలేని స్థితిలో పడిపోవచ్చు.

ఆ స్థితి ఎలాంటిదో తెలియాలంటే, స్త్రీలతో ఏ సంబంధమూ లేని ఒక ప్రయోగాన్ని చూడాలి. రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం, శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంపిక చేసిన 36 మంది యువకులకు ఆరు నెలలపాటు అరకొర తిండి పెట్టింది. నెలలు గడిచేకొద్దీ వారు నలుగురిలో కలవడం మానేశారు, చిరాకుపడ్డారు, వంటల పుస్తకాలు చదవసాగారు, పళ్ళెంలో ఉన్న కొంచెం తిండినే గంటల తరబడి సాగదీశారు. ఆంక్షలు తొలగాక కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు. అనొరెక్సియా రోగుల స్వభావదోషాలుగా జనం అనుకొనే లక్షణాలలో చాలాభాగం ఆకలి వల్లే పుట్టుకొస్తాయని దీంతో తేలింది. ఆకలి ముదిరిన మెదడుకు హితబోధ ఎక్కదు కనుకనే, వైద్యులు ముందుగా పోషణను చక్కదిద్ది, ఆ తరువాతే మనసు లోతుల్లోకి వెళతారు.

బులీమియా నెర్వోసా ఇంతకంటే గుట్టుగా సాగుతుంది. అదుపు లేకుండా తినడం, ఆపై సిగ్గుతో దాన్ని వాంతి ద్వారానో మరో విధంగానో వదిలించుకోవడం దీని లక్షణం. లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో దీనికి ఈ పేరుపెట్టారు. రోగి బరువు మామూలుగానే ఉండవచ్చు కాబట్టి ఇంట్లోవారు ఏళ్ళ తరబడి పసిగట్టలేరు. ఈలోగా ఒంట్లో పొటాషియం తగ్గిపోతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. తిండి రుగ్మతలు ప్రాణం తీయగలవన్న సంగతి అమెరికాలో సామాన్యులకు తెలిసింది, ప్రసిద్ధ గాయని కరెన్ కార్పెంటర్ అనొరెక్సియాతో దెబ్బతిన్న గుండె ఆగి, 1983లో 32 ఏళ్ళకే మరణించినప్పుడు.

ఈ జబ్బులు నయమవుతాయి. లండన్‌లోని మాడ్స్లీ ఆస్పత్రిలో 1980లలో రూపొందిన చికిత్సా పద్ధతి, అంతకుముందు చాలాకాలం నిందలు మోసిన తల్లిదండ్రులనే వైద్యంలో భాగస్వాములను చేసి, కొంతకాలంపాటు బిడ్డ భోజనం బాధ్యతను వారికి అప్పగిస్తుంది. భోజనానికి ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవడం, తిన్న వెంటనే స్నానాలగదిలో తలుపు వేసుకోవడం, నెలసరి ఆగిపోవడం వంటివి కనిపిస్తే, ఒడ్డూపొడుగూ ప్రస్తావించకుండా, మందలించకుండా, మానసిక వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు.