అక్షరములను మింగిన కాలిక్యులేటరు: అపోహలు – వాస్తవములు

ఒంటరిగ నున్నప్పుడు లెక్కలు చేయుచు, యూఎస్‌బీ తీగతో కంప్యూటరునకు తగిలించినప్పుడు అంకెల కీప్యాడుగ పనిచేయు కాలిక్యులేటరులు బజారులోనికి వచ్చి చాలకాలమైనది. అవి లేనిచో పని సాగదని కాదు గాని, పదునాలుగంగుళముల లాప్‌టాపుపై దినమెల్ల పద్దులు వ్రాయు గుమాస్తాకు అవి చేయు మేలు సామాన్యమైనది కాదు. ఐనను వానిని కొనబోవువాని చెవిలో ఎవరో యొకరు, ‘‘అది తగిలిస్తే లాప్‌టాపు కీబోర్డు పోతుందండీ’’ అని ఊదక మానరు. ఈ మాట నమ్మి నిక్షేపమువంటి కీబోర్డును మార్పించి డబ్బు వదలించుకొన్నవారు కలరు. కొన్న పరికరమును సొరుగున బడవైచి, 20వ తేదీన జీఎస్టీ రిటర్ను గడువు ముంచుకొని వచ్చుచుండగ, పైవరుస అంకెలను ఒంటివ్రేలితో వెదకికొనుచు తప్పుమీద తప్పు కొట్టువారును కలరు.

వారు చూపు సాక్ష్యములో అబద్ధము లేదు. టాలీ అను పద్దుల సాఫ్ట్‌వేరులో వివరణ వ్రాయుచోట కే, ఓ, ఓ, ఎల్, ఐ అను మీటలు నొక్కి ‘కూలి’ అని వ్రాయబోగా, తెరపై 26635 అని పడును. కూలి పద్దులో పడిన ఆ అంకె ఎవరికిచ్చిన మొత్తమో తెలియక యజమాని తల పట్టుకొనును. ఇక పాస్‌వర్డు కొట్టునప్పుడు తెరపై చుక్కలే తప్ప అక్షరములు కానరావు గనుక, ఎన్నిమారులు కొట్టినను తప్పనియే కంప్యూటరు చెప్పుచుండును. ఇంత జరిగిన పిమ్మట కీబోర్డు పోయినదనుకొనుట సహజమే. కాని నంలాక్ దీపము వెలుగుచున్నదేమో చూతమను ఆలోచన పదిమందిలో ఒక్కరికైనను రాకుండుటయే విడ్డూరము.

చిన్న లాప్‌టాపులలో వేరుగ కీప్యాడు అమర్చుటకు చోటు చాలదు. అందుచేత తయారీదారులు కొందరు దానిని అక్షరముల నడుమనే దాచియుంచిరి: జే, కే, ఎల్ మీటలు 1, 2, 3 అగును, యూ, ఐ, ఓ మీటలు 4, 5, 6 అగును, ఎమ్ సున్న యగును. ఈ మార్పునకు తాళపుచెవి నంలాక్. విండోసులో ఆ నంలాక్ కంప్యూటరంతటికిని ఒక్కటే. ఏ కీబోర్డుపై నొక్కినను తక్కిన కీబోర్డులన్నిటికిని ఆ వార్త చేరును. కాలిక్యులేటరు తన అంకెలు అంకెలుగనే పోవుటకు నంలాక్ వేయును. ఆ వార్త అందుకొన్న లాప్‌టాపు తన అక్షరములను అంకెలుగ మార్చుకొనును. నంలాక్ తీసివేసినచో అక్షరములు తిరిగివచ్చును గాని, అప్పుడు కీప్యాడుపై 8 నొక్కిన కర్సరు పైకి ప్రాకును, 2 నొక్కిన క్రిందికి జారును. అక్షరముల నడుమ అంకెలను దాచని లాప్‌టాపులలో ఈ చిక్కే పుట్టదు. కావుననే ఒకరికి పాడైనదని తోచినది మరియొకరికి చక్కగ పనిచేయుచుండును.

తక్కిన నమ్మకములకు ఒక్కొక్క మాట చాలును. ప్రత్యేకముగ డ్రైవరు కావలెనట. కీబోర్డులకు నిర్ణయించిన హెచ్‌ఐడీ ప్రమాణమును విండోసు తానే ఎఱుగును. కాలిక్యులేటరు తెరపై అంకెలు హెచ్చినకొలది మంచిదట. 12 అంకెల తెరయే లక్షకోట్లకు ఒక్కటి తక్కువ వరకు చూపును, మన పద్దులు అందాక పోయిననాడు చూచుకొందము. సౌరఫలకము కీప్యాడును నడుపునట. దానిని నడుపునది యూఎస్‌బీ తీగలోని ఐదు వోల్టులు.

వైరసు వచ్చునను మాటను మాత్రము పూర్తిగ కొట్టివేయుటకు వీలులేదు. ఇష్టము లేకున్నను ఒప్పుకొనవలసియున్నది. పెన్‌డ్రైవులో వలె ఫైళ్లు దాగుటకు ఇందు చోటులేని మాట నిజమే. కాని ఒక యూఎస్‌బీ పరికరము తాను కీబోర్డునని చెప్పుకొన్నచో కంప్యూటరు మారుమాట లేక నమ్మును. పరికరములోని ఫర్మ్‌వేరును మార్చి ఈ నమ్మకమును దుర్వినియోగము చేయవచ్చునని కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ అను పరిశోధకులు 2014లో బ్లాక్‌హ్యాట్ అను కంప్యూటరు భద్రతా సభలో ‘బ్యాడ్‌యూఎస్‌బీ’ అను పేర చూపిరి. కావున ఊరుపేరు లేని సరకును, ఎవరో బల్లపై మరచిపోయిన వస్తువును తగిలింపరాదు. మౌసునకును ఇదే నియమము.

ఇక కొనువారు లాప్‌టాపును చేతబట్టుకొనియే దుకాణమునకు పోవుట మేలు. నోట్‌ప్యాడు తెరచి, కాలిక్యులేటరుపై 789 కొట్టి, వెంటనే లాప్‌టాపుపై కూలియో పాలో ఒక మాట వ్రాసి చూడవలెను. రెండును సరిగ పడినచో ఆ పరికరము మీ లాప్‌టాపునకు తగినదే. కొన్ని పరికరములు ఒక్కొక్క అంకెకు నంలాక్ వేసి, అంకె పంపి, మరల తీసివేయును. వానితో దీపము మినుకుమినుకుమనిన కంగారుపడవలదు. లెక్క కట్టిన ఫలితమును కంప్యూటరునకు పంపు మీట గలదో లేదో కూడ అచ్చటనే నొక్కి చూడుడు.

మరియొక జాగ్రత్త గలదు. 2 + 3 × 4 అని వరుసగ నొక్కినచో సాధారణ కాలిక్యులేటరు 20 అనును, ఎక్సెల్ 14 అనును. మొదటిది వచ్చినదానిని వచ్చినట్లే చేసికొనిపోవును, రెండవది గుణకారమునకు పెద్దపీట వేయును. కావున బిల్లు లెక్క కట్టునప్పుడు ఒక్కొక్క గుణకారమును ముగించి ఎమ్ ప్లస్ మీటతో కూడబెట్టి, తుదిమొత్తమును ఒక్కసారిగ తీసికొనుడు. పంపు మీట నొక్కుటకు ముందు కర్సరు ఏ గడిలో నున్నదో చూచుకొనుడు. ఆ అంకెలు పడునది అచ్చటనే.