ల్యాబులో ప్రహసనం

బీబీసీ టూలో 2008లో ప్రసారమైన సిట్‌కామ్ ‘ల్యాబ్ ర్యాట్స్’ కథంతా సెయింట్ డన్‌స్టన్స్ అనే కల్పిత విశ్వవిద్యాలయంలోని పరిశోధనశాలలో సాగుతుంది. క్రిస్ ఆడిసన్, కార్ల్ కూపర్ కలిసి రాశారు. ఆడిసనే డాక్టర్ అలెక్స్ బీనీమన్ వేషం కట్టాడు. పెద్ద ప్రొఫెసర్‌గా జెఫ్రీ మెక్‌గివర్న్ నటించాడు. ఆరు ఎపిసోడ్లకే తెరపడింది.

అంతకు ముందు ఏడాది అమెరికాలో మొదలైన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’ మాత్రం 2019 దాకా 279 ఎపిసోడ్లు నడిచింది. అందులోనూ భౌతిక శాస్త్రవేత్తలే ఉన్నారు గానీ, కథ ఎక్కువగా నడిచేది ఇంట్లో, సోఫా చుట్టూ. బోర్డు మీది సమీకరణాలు తప్పుపోకుండా డేవిడ్ సాల్ట్‌జ్‌బర్గ్ అనే భౌతిక శాస్త్ర ఆచార్యుడు చూసుకునేవాడు. ప్రహసనానికి అంత నిక్కచ్చితనం అక్కర్లేదు. దానికి కావలసింది ఒక చిన్న తప్పు, దాన్ని దాచడానికో అబద్ధం, సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని వచ్చే పై అధికారి. ల్యాబులో ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి. పైగా ఏది ఎప్పుడు పొంగుతుందో, పగులుతుందో తెలియదు.

తెలుగువాళ్లకూ ఈ లోకం తెలిసినదే. విశాఖలో జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరు పెట్టుకున్న ఆంధ్రా యూనివర్సిటీ సైన్సు కాలేజీ మొదలుకొని చిన్న ఊళ్ల డిగ్రీ కాలేజీల దాకా రికార్డు పుస్తకాలు, ఎక్స్‌టర్నల్, వైవా అంటే చదువుకున్నవాళ్లకు ఇప్పటికీ గుండె దడే. సాల్ట్ అనాలిసిస్ రోజున లెక్చరర్ కంటే అటెండరే పెద్ద దిక్కు. ఒక్క సీరియల్‌కు ఇంతకన్నా సరుకు ఏం కావాలి?

తెలుగు టీవీలో ఈ తరహా హాస్యానికి పేరు తెచ్చింది మాత్రం ల్యాబు కాదు, హోటలు. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినిలో వచ్చింది. అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో పోషించారు; అతని స్నేహితుడు ఆంజనేయులుగా గుండు హనుమంతరావు నటించారు. ఆ హోటలు వంటగదీ ఒక ల్యాబే: ప్రతివారం ఓ కొత్త ఉపాయం, అది బెడిసికొట్టడం, మధ్యలో ఇంటి ఓనరు అప్పాజీ. వచ్చేవారానికి అందరూ ఎక్కడివాళ్లు అక్కడే. మనుషులు మారకపోవడమే సిట్‌కామ్‌కు ప్రాణం. మారితే మరుసటి వారానికి కథ ఉండదు.

చివరికి సైన్సు కూడా వచ్చి చేరింది. 2014లో గంగరాజే తీసిన ‘చందమామలో అమృతం’ సినిమాలో ఈ జంట హోటలు పెట్టడానికి ఏకంగా చంద్రుడి మీదికే వెళ్తుంది.