పాత రిజిస్టరు, కొత్త విండోస్



ఈ నెల కంప్యూటరు గురించి వ్రాస్తున్నానని చెప్పగా మా ఇంట్లోనే నవ్వారు. నిజమే, నేను చదివినది వేదాంత డిప్లొమా. కంప్యూటరు విద్య మా పిల్లల దగ్గర, టౌనులోని షాపువాళ్ళ దగ్గర చూచి నేర్చుకున్నది మాత్రమే. అయినను నా తొందరపాటు వలన మా సంఘ బాప్తిస్మపు రిజిస్టరు ఇరవై రెండు రోజులు ఎవరూ చదవలేని పిచ్చి గీతలుగా మారిపోయింది. అటువంటిది మీ ఇంట జరుగకూడదని ఈ నాలుగు మాటలు.

మన ఇండ్లలోని కంప్యూటర్లలో చాలావాటిని నడిపించే మూల ప్రోగ్రాము విండోస్. మైక్రోసాఫ్ట్ కంపెనీవారు కొన్నేళ్ళకొకసారి దానిని కొత్త రూపంలో తెస్తారు. 2015 జూలై 29న విండోస్ 10 వచ్చింది. 2021 అక్టోబరు 5న విండోస్ 11 వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా సవరణలు ఆపివేశారు. అంటే ఆ రోజున కంప్యూటర్లు ఆగిపోయాయని కాదు. ఇంటి తలుపు గడియలో కొత్తగా ఏదైనా లోపం బయటపడితే ఇక దానిని బాగుచేసే వడ్రంగి రాడన్నమాట. ఇంటర్నెట్టు కలిపి బ్యాంకు పని చేసుకునేవారికి అది ప్రమాదమే. ఇంటర్నెట్టు లేకుండా ఒక మూల కూర్చొని ఆరాధన పత్రం, పాటలు ప్రింటు తీసే కంప్యూటరుకు అంత తొందర లేదు. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడుగలేదు. తెరమీద హెచ్చరిక మాటిమాటికీ కనబడేసరికి కంగారుపడ్డాను.

మా పాస్టరేజీలోని కంప్యూటరు 2018 చివరిలో సంఘస్థులు చందాలు వేసి కొన్నది. ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసరు, నాలుగు జి.బి. ర్యాము. విండోస్ 11కు అర్హత కలిగినవాటిలో ఇది దాదాపు ఆఖరి వరుసలోనిది. ఇంకొక సంవత్సరం పాతదై ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

దానిని కొనిపించినవారు మా సంఘ పెద్దలలో ఒకరైన మాస్టారుగారు. రిటైరైన బడి పంతులుగారు. మా సంఘ రిజిస్టరు పాత పుస్తకానికి చెద పట్టినప్పుడు, తినగా మిగిలిన పేజీలను అద్దం పెట్టి చదువుతూ, ఊరిలోని ముసలివారిని అడుగుతూ, బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు అన్నీ కలిపి వెయ్యికి పైగా పేర్లు తెలుగులో టైపు చేశారు. 2009లో మొదలుపెట్టి మూడేళ్ళు పట్టింది. కొత్త కంప్యూటరు కొన్ననాడు ఆయన షాపతనితో, "నాకు 32 బిట్ విండోసే వెయ్యండి బాబూ, నా పాత తెలుగు సాఫ్ట్‌వేరు 64లో నడవదు" అని పట్టుబట్టి వేయించుకున్నారు. అప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. విన్నాను, మరచిపోయాను. మాస్టారుగారు 2021లో కరోనా రెండవ విడతలో ప్రభువునొద్దకు వెళ్ళారు.

విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 64 బిట్ విండోస్ 10 ఉన్న ఇంట్లో అయితే ఉన్నదానిమీదనే కొత్తది ఎక్కుతుంది, ఫైళ్ళూ ప్రోగ్రాములూ సాధారణంగా అలాగే ఉంటాయి, డబ్బూ అడుగరు. 32 బిట్ నుండి అలా మారడానికి దారి లేదు. ఉన్నది తుడిచివేసి కొత్తగా వేయాలి. షాపతను నన్ను సరిగానే అడిగాడు, "కావలసినవి ఏమున్నాయండీ అయ్యగారూ?" అని. నేను ప్రసంగాల ఫోల్డరు, రిజిస్టరు ఫోల్డరు చూపించాను. అతడు వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, మిగిలినదంతా తుడిచి, సాయంకాలానికి మెరిసిపోయే విండోస్ 11 చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి చూచుకుంటే 2019 సెలవుల బైబిలు పాఠశాల ఫోటోలు లేవు. అవి డెస్క్‌టాప్ మీద ఉండేవి, నేను చెప్పలేదు. అవి ఇక రావు. ఆ రాత్రి రిజిస్టరు జోలికి పోలేదు.

తరువాతి వారం మాస్టారమ్మగారు వచ్చారు. మనుమరాలికి సంబంధం కుదిరింది, పెండ్లికుమారుని సంఘమువారు బాప్తిస్మపు ధృవపత్రం అడుగుచున్నారు. "మీ మాస్టారు వ్రాసినదాంట్లో ఉంటుంది కదండీ అయ్యగారూ" అన్నారు. ఉంటుందమ్మా, కూర్చోండి అని ఫైలు తెరిచాను. తెరనిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యలో డాలరు గుర్తులు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఆమె అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు, తప్పు తన కళ్ళదేమోనని. చెదపురుగు మిగిల్చినది నేను పోగొట్టానా అని నాకు చెమట పట్టింది.

ఎందుకు అలా జరిగినదో తరువాత తెలిసింది. పాత తెలుగు సాఫ్ట్‌వేరులలో లోపల దాచేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉండే సంఖ్యలనే దాచి, ఆ స్థానాలలో తలకట్టు, కొమ్ము, వత్తు బొమ్మలు పెట్టిన ఒక ఫాంటును పైన తొడుగుతారు. ఫాంటు ఉన్నంతవరకు కంటికి తెలుగు. ఫాంటు పోతే లోపలి ఇంగ్లీషు బయటపడుతుంది. కంప్యూటరు తుడిచినప్పుడు సాఫ్ట్‌వేరుతో పాటు ఆ ఫాంటూ పోయింది. యూనికోడ్ పద్ధతి వేరు. అందులో తెలుగు అక్షరాలకు వాటి సొంత సంఖ్యలున్నాయి. 1991లోనే తెలుగుకు చోటిచ్చారు, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అనే తెలుగు ఫాంటు విండోసుతోనే వచ్చింది. యూనికోడులో వ్రాసినది ఏ కంప్యూటరులోనైనా, సెల్‌ఫోనులోనైనా తెలుగుగానే కనబడుతుంది. మీ ఇంట్లో పాత ఫైలు ఏ రకమో తెలుసుకోవాలంటే, అందులోని ఒక వాక్యాన్ని వాట్సాప్‌లో పంపి చూడండి. తెలుగుగా వెళ్ళితే భయం లేదు.

గోపురం కట్టబూనినవాడు ముందు కూర్చొని లెక్క చూచుకోవాలని లూకా 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన సంగతిమీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఇక్కడ చూడవలసిన లెక్క ఏమంత పెద్దది కాదు. కీబోర్డుమీద విండోస్ గుర్తున్న మీట, ఆర్ మీట కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కితే ఏ విండోసో తెలుస్తుంది. దిస్ పి.సి. మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్ తెరిస్తే 32 బిట్టో 64 బిట్టో సిస్టమ్ టైప్ వరుసలో ఉంటుంది. కొత్తదానికి కనీసం నాలుగు జి.బి. ర్యాము, 64 జి.బి. డిస్కు, టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ఈ మూడవది చాలా కంప్యూటర్లలో ఉండి కూడా ఆపివేసి ఉంటుంది. లేదన్నారని వెంటనే కొత్త కంప్యూటరు కొనకండి, బయోస్‌లో తెరిచి చూడమనండి. కొత్తది ఎక్కించేటప్పుడు నాలుగు జి.బి.కి పైగా డేటా ఖర్చవుతుంది. మధ్యలో కరెంటు పోతే ప్రమాదం గనుక యు.పి.ఎస్. గాని, బ్యాటరీ నిండిన ల్యాప్‌టాప్ గాని ఉండాలి. ఉన్నదానిమీదనే ఎక్కించుకున్నవారికి నచ్చకపోతే పది రోజులలోగా వెనుకకు వెళ్ళే వీలుంది. నావలె తుడిపించుకున్నవారికి అది లేదు.

అర్హత లేని పాత యంత్రాన్ని పారవేయనక్కరలేదు. విండోస్ 10కు ఇండ్లలో వాడేవారు పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇస్తామని 2025లో కంపెనీవారు ప్రకటించారు. అది గాక లినక్సు మింటు వంటి ఉచిత ప్రోగ్రాములు పాత కంప్యూటర్లపై చక్కగా నడుస్తాయి. ప్రసంగం టైపు చేసుకోవడానికి, పాటలు వినడానికి అవి చాలు. ఇక "మీ విండోసు గడువు తీరింది, మేము కంపెనీ నుండి" అంటూ ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. ఏ కంపెనీవారూ అలా మన ఇంటికి ఫోను చేయరు. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు చెప్పాలి.

మా రిజిస్టరు సంగతికి వస్తే, దారి చూపినది మా యౌవనస్థుడొకడు. "పెండ్లి పత్రికలు వేసే ప్రెస్సువాళ్ళ దగ్గర పాత ఫాంట్లు ఉంటాయండీ" అన్నాడు. మూడు ప్రెస్సులు తిరిగాము. మూడవచోట ఒక పెద్దాయన, మన మతస్థుడు కూడా కాదు, తన పాత కంప్యూటరులో పెన్‌డ్రైవు పెట్టి ఫైలు తెరిచారు. మొదటి పేజీలో మాస్టారి తెలుగు కనబడింది. కుర్చీలోనుండి నేను లేచి నిలబడ్డాను. ఆయన అదంతా యూనికోడులోకి మార్చి ఇచ్చారు. ఎంత ఇమ్మంటారన్నాను. టీ ఇప్పించమన్నారు.

మార్చే ప్రోగ్రాము అన్నిటినీ సరిగా మార్చలేదు. కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, సున్నాలు పక్క అక్షరానికి అంటుకున్నాయి. నాలుగు ఆదివారాలు మధ్యాహ్నం యౌవనస్థులు ఒక్కొక్క పేరు చదువుతూ ఉంటే మాస్టారమ్మగారు పక్కన కూర్చొని దిద్దారు. "కాదు నాయనా, ఆయన పేరు దానియేలు, దావీదు వాళ్ళ నాన్న" అని. మధ్యలో ఒకచోట మాస్టారు తన సొంత బాప్తిస్మం తేదీ కింద చిన్న అక్షరాలతో "వాన" అని వ్రాసుకున్నారు. ఆ రోజున వాన కురిసిందట. ఆమెకు ఆ సంగతి తెలియదు. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగవలసి వచ్చింది.

మనుమరాలి ధృవపత్రం మొదటి ఆదివారమే ఇచ్చాము, వివాహ ప్రకటనలు మూడు ఆదివారాలు జరిగినవి. రిజిస్టరు ఇప్పుడు పాస్టరేజీ కంప్యూటరులో ఒకటి, సంఘ కోశాధికారి ఇంట పెన్‌డ్రైవులో ఒకటి ఉన్నది. కాగితం మీద ప్రింటు తీసి కుట్టించినది మాస్టారమ్మగారి ట్రంకుపెట్టెలో, వేపాకు వేసి ఉన్నది. రెండు పేర్లు మాత్రం ఇప్పటికీ తేలలేదు. వాటి పక్కన ఆమె పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి, వచ్చే నెల తన ఆడబిడ్డ వచ్చినప్పుడు అడుగుతానన్నారు.